మూత మీద రాయి

తలుపు వేసేటప్పుడు రోజా నా మొహం చూడలేదు. "తాతా, ఒక్క గంట. దగ్గొస్తే ఆ చివరికి పొయ్యి దగ్గు. మధ్యలో మాట్లాడబాక," అని చెప్పి లోపల గొళ్ళెం కూడా పెట్టుకుంది. గొళ్ళెం దేనికే తల్లీ, నేనేమన్నా తుఫానునా తోసుకొని రావడానికి, అందామనుకున్నాను. అది కూడా మధ్యలో మాట్లాడటం కిందికే వస్తుందేమోనని ఊరుకున్నాను. నాలుగయింది. కిటికీ కింద అరుగు మీద ఈత ఆకు చీలుస్తూ కూర్చున్నాను. లోపల ఏమేమున్నాయో నాకు చూడకుండానే తెలుసు. నా మనవరాలుంది. దాని కంప్యూటరు పెట్టుకోవడానికి నేను పాత పడవ చెక్కతో చేసిచ్చిన బల్ల ఉంది. నేనల్లిన మూడు ఈత గంపలు కెమెరాకు కనిపించేట్టు వరసగా ఉన్నాయి. వాటి పక్కన కుర్చీలో మాల్యాద్రి ఉన్నాడు. మనవరాలు నాది, బల్ల నాది, గంపలు నావి, కుర్చీలో మటుకు వాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. జేబులో పెన్ను. పెన్ను దేనికిరా నీకు, మూడో తరగతిలో నా పలక చూసి రాసినవాడివి. నా పలక చూసి రాసి వాడు పాసయ్యాడు, నేను తప్పాను. అదెట్లా అంటే చెప్పను, చెబితే హజరత్తయ్య మళ్ళీ మొదలుపెట్టాడంటారు. పొద్దున వాడు గుమ్మంలోకి రాగానే రోజా "రా తాతా, కూర్చో తాతా" అన్నది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాటకు ఇద్దరం ఒకే కుర్చీలో కూర్చోబోయాం. నేను దాని అమ్మను కన్నవాణ్ణి, వాడు వీధి చివర ఇంటివాడు, ఇద్దరికీ ఒకటే పిలుపు. పాలెంలో ఏ తెల్లజుట్టును తెచ్చి నిలబెట్టినా ఆ మాటలో పట్టేస్తుంది. గంపలకు పేర్లు పెట్టే పనిలో ఉన్న పిల్ల, ఈ ఒక్క గంపకు పేరు పెట్టుకోలేకపోయింది.

అవును, దాని పని గంపలే. మొదట నాకూ నమ్మకం కలగలేదు. చెన్నై కంపెనీ, ఇంట్లోంచే చేసుకోమన్నారు, కంప్యూటర్లకు కొత్త భాష తయారు చేస్తున్నారు, అందులో ఈ పిల్ల వంతుకు గంపలు వచ్చాయి. వాళ్ళు వాటిని కలెక్షన్లంటారు, లిస్టులంటారు. లోపల పెట్టేది అంకెలు కావచ్చు, మనుషుల పేర్లు కావచ్చు. పెట్టేవాడు పెడతాడు, తీసేవాడు తీస్తాడు, గంప అంటే అంతకన్నా ఏముంది. నేను ఈత ఆకు చీలుస్తుంటే పక్కన కూర్చొని చెప్పింది. పాత రోజుల్లో గంప అంటే వట్టి గంపేనట, ఏదైనా పెట్టొచ్చు, తీసేటప్పుడు మాత్రం 'ఇది రొయ్యే' అని నీకు నువ్వు చెప్పుకొని చెయ్యి పెట్టాలట. రొయ్య కాకుండా జెల్ల అయితే ముల్లు దిగాక తెలుస్తుంది. "అప్పుడు ప్రోగ్రాం పడిపోద్ది తాతా," అన్నది. ప్రోగ్రాం సంగతేమో గానీ జెల్ల ముల్లు దిగితే మనిషే పడతాడమ్మా, మా మామకు దిగి బొటనవేలు ఎంత వాచిందంటే దానికి తెరచాప కడితే ఇస్కపల్లి దాకా పోయుండేది, అని నేను మొదలుపెట్టాను. అది ఓపిగ్గా విన్నది. విని, "మరి దానికని ఒక్కో సరుక్కీ ఒక్కో రకం అల్లిక అల్లతావా నువ్వు?" అని అడిగింది. నేనెందుకు అల్లుతాను, అల్లిక ఒకటే. "అదే తాతా. అల్లిక ఒక్కసారి రాస్తాం. లోపల ఉండేదాని పేరు మటుకు ఖాళీగా వదుల్తాం. తీసుకునేవాడు ఆ ఖాళీలో రొయ్య అని రాసుకుంటే రొయ్యల గంప, పీత అని రాసుకుంటే పీతల గంప. రాసుకున్నాక దాంట్లో ఇంకోటి పెట్టబోతే, పెట్టకముందే, పడవ నీళ్ళలోకి దిగకముందే, తప్పు అని చెప్పేస్తది." దాన్ని జెనెరిక్ అంటారట. నాకు ఆ మాట పలకడానికి రెండు రోజులు పట్టింది, సంగతి తెలియడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. డెబ్బై రెండేళ్ళు వచ్చాక నా చేతి పని గురించి ఇంకొకరు నాకు చెప్పడం, అందులోనూ నా మనవరాలు చెప్పడం, ఆ నాలుగు రోజులూ నేను అన్నం ఎక్కువ తిన్నాను.

అయిదో రోజు గంప అంచుకు కట్టిన ఎర్రగుడ్డ చూసింది. ఇదెవరు కట్టినారు అని అడిగింది. ఎవరు కడతారు, మాల్యాద్రి. ఎర్రగుడ్డ కడితే రొయ్యలు, తెల్లగుడ్డ కడితే వంజరం, నల్లగుడ్డ పీతలు. ఒడ్డున వల లాగినాక ఏది ఏ గంపలోకి పోవాలో ఏరి పెట్టే చోటు ఒకటుంది, పరదా పట్ట కింద, నీడలో. ఆ చోటు ముప్పై అయిదేళ్ళుగా వాడిది. నా గంపలు అక్కడికి ఉత్త గంపలుగా పోయి, వాడి చేతిలో పేరు పెట్టించుకొని వస్తాయి. అల్లినవాడికి వేళ్ళు కోసుకుపోతాయి, గుడ్డ కట్టినవాడికి పేరొస్తుంది. నేను రోజాకు చెప్పాను, ఆ గుడ్డ కావలి మార్కెట్టు చేరేసరికి ఉండదు, ఊడిపోతుంది, అక్కడివాళ్ళకు మళ్ళీ అన్నీ వట్టి గంపలే, అదే నేనయితే రంగు ఆకు అల్లికలోనే వేస్తాను, గంప చిరిగినా రంగు పోదు. రోజా నవ్వి, కంప్యూటరు వాళ్ళలో కూడా రెండు వర్గాలున్నాయన్నది, లారీ ఎక్కాక పేరు చెరిపేసేవాళ్ళు, చెరపనివాళ్ళు. నేను చెరపనివాళ్ళలో ఉన్నానని నోటుపుస్తకంలో రాసుకోమన్నాను. రాసుకున్నదో లేదో. మర్నాడు నా దగ్గరికి వచ్చి, కంపెనీ వాళ్ళతో పెద్ద మీటింగు ఉంది, మన ఒడ్డు సంగతి చెప్పే మనిషి ఒకరు పక్కన కూర్చోవాలి అన్నది. నేను లేచి చొక్కా వెతుక్కోబోయాను. "నువ్వు కాదు తాతా. నువ్వు చెప్తే నవ్వుతారు. నవ్వకుండా వినాల. మాల్యాద్రి తాతయితే జరిగింది జరిగినట్టు చెప్తాడు." మంచిదే. ఉప్పు వేయని కూర కూడా కూరే. అయినా ఈ అరుగు ఇంత గట్టిగా ఉంటుందని ఇన్నేళ్ళూ నేను గమనించలేదు.

కిటికీలోంచి కంప్యూటరులో మాట్లాడే మనిషి గొంతు వస్తోంది. విజయభాస్కర్ గారని రోజాకు పైవాడు. కోవూరు మనిషట, వడ్ల పొలాల వాళ్ళు. గొంతు మంచిదే, తొందర లేని గొంతు. ఆయనా రోజా నెల రోజులుగా ఒక్క విషయం దగ్గర ఆగిపోయారు. రొయ్య సరుకే, పీత సరుకే, వంజరం సరుకే. బాగుంది. మరి ఎవరైనా సరుకు గంప ఒకటి ఇవ్వమని అడిగితే రొయ్యల గంప చేతికివ్వొచ్చా? ఇవ్వొచ్చు, రొయ్య సరుకే కదా, ఇంత చిన్నదానికి అడ్డం చెబితే కొత్తగా నేర్చుకునేవాళ్ళు పారిపోతారంటాడు ఆయన. దేనికి అడుగుతున్నాడో చూసి ఇవ్వాలంటుంది మా పిల్ల. ఉత్తినే చూసుకోవడానికో తీసుకోవడానికో అయితే ఇవ్వు, ఏం తీసినా అది సరుకే. పెట్టడానికి అయితే ఇవ్వబాక. వాడి దృష్టిలో అది సరుకు గంప, వాడు పీతను తెచ్చి వేస్తాడు, వాడి తప్పేం లేదు. కాబట్టి గంప చేతులు మారేటప్పుడే, ఇది తీయడానికా, పెట్టడానికా అన్నది కూడా గంప మీద రాసుండాలి. ఇదీ దాని డిజైను. దీనికే మూడు నెలలు నిద్ర సరిగ్గా పోలేదు. ఇవాళ అయిదింటికి తేలుతుంది, ఉంచుతారో తీసేస్తారో. పొద్దున ఇడ్లీ సగం వదిలేసింది.

"అలా ఎవరు పెడతారు రోజా? రొయ్యల గంపలో పీతని," అంటున్నాడు ఆయన. "పుస్తకాల్లో ఉంటుంది. నిజంగా జరుగుతుందా?"

"జరిగింది సార్. మా ఊర్లోనే. మాల్యాద్రి తాత చెప్తాడు."

నా చేతిలో ఈనె విరిగింది. అదేమిటో నాకు తెలుసు. ఆ కథ నాది. ఆ పీత నాది. ముప్పై ఏళ్ళు మేపాను దాన్ని. మొదట్లో అది అరచేయంత ఉండేది, రెండో ఏటికి పళ్ళెమంత అయింది, ఒక పెళ్ళిలో దాన్ని మనుబోలు దాకా నడిపించి హైవే మీద లారీ ఆపించాను. పిల్లలు నా వెంట పడి అడిగేవారు, చిన్నప్పుడు రోజా అయితే ఆ కథ చెప్పందే అన్నం ముద్ద మింగేది కాదు. మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, మూత గట్టిగా ఉన్న గంపలో రొయ్యలున్నాయి. పీత వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఒక డెక్కతో మూత ఎత్తి పట్టుకుంది, లోపలికి దిగింది, దిగి, ఎవరన్నా చూస్తే బాగుండదని మర్యాదగా మూత మళ్ళీ వేసుకుంది. ఆ 'మర్యాదగా' అన్న దగ్గర నేను చెయ్యి ఇట్లా తిప్పి మూత వేసినట్టు చూపిస్తాను. అక్కడ నవ్వని మనిషిని నేను చూడలేదు, మాల్యాద్రిని తప్ప. ఇప్పుడు లోపల వాడు గొంతు సవరించుకుంటున్నాడు. "పీత మూత ఎత్తిందయ్యా. లోపలికి పొయ్యింది. మూత మళ్ళా వేసుకుంది. తల్లిరొయ్యలన్నిట్నీ కోసి పెట్టింది," అన్నాడు. అంతే. చెయ్యి తిప్పి ఉండడు. ఒక్క మాట పెంచలేదు. అవతల ఎవరూ నవ్వలేదు. నేను చెబితే కథ, వాడు చెబితే సాక్ష్యం. నా అబద్ధం వాడి నోట్లో కాళ్ళు కడుక్కొని నిజమై కూర్చుంది. నా కడుపులో మంట ఎంతంటే ఆ క్షణంలో దాని మీద కానగంత చేపలు కాల్చుకోవచ్చు, ఇది మటుకు పెంచి చెప్పడం కాదు.

"అప్పటి నుంచి ఏం చేశారు మీరు?" అని ఆయన అడిగాడు. "రాయి పెడతామయ్యా, మూత మీద," అన్నాడు వాడు. "పీత ఎత్తలేనంత రాయి. పెట్టేటప్పుడు ఎత్తాల, తీసేటప్పుడు ఎత్తాల. మా పాలెంలో ఇప్పుడు ప్రతి గంప మీదా ఉంటది." నిజమే. ఈ ఒడ్డున ఏ పాలెంలోనూ లేదు, మా పాలెంలోనే ఉంది. కొత్తగా వచ్చిన కోడళ్ళు ఎందుకని అడుగుతారు, అత్తలు పీత కథ చెబుతారు. లోపల మూడు గంపల్లో నడిమి దాని మీద కూడా రాయి ఉంది, వాడు ఇంటి నుంచి చంకలో పెట్టుకొని తెచ్చాడు. నేను గమనించాను, దారిలో రెండు సార్లు చంక మార్చుకున్నాడు.

"చూశావా రోజా," అంటున్నాడు విజయభాస్కర్ గారు, గొంతులో నవ్వు తెలుస్తోంది, ఎగతాళి కాదు, తేలిక పడ్డ నవ్వు. "పీత దానంతటదే మూత ఎత్తుకొని వస్తే తప్ప అలా జరగదన్నమాట. మనుషులు చేసే తప్పు కాదిది. మనమూ అంతే చేద్దాం. ఎవరికైనా ఏ గంపైనా ఇచ్చేద్దాం. పెట్టేటప్పుడు మాత్రం ఒక చెక్ పెడదాం, మీ ఊరి రాయిలాగా. సరిపోతుంది. నీ డిజైన్ బావుంది, కాకపోతే బరువు. తీసేద్దామా?"

రోజా ఏదో అన్నది. పెట్టిన ప్రతిసారీ రాయి ఎత్తి దించాలి సార్, ఎత్తినా దించినా తప్పు తెలిసేది ఒడ్డున కాదు, సముద్రం మధ్యలో, అన్నది. కానీ దాని గొంతు సన్నబడింది. ఆ గొంతు నాకు తెలుసు. వాళ్ళ అమ్మమ్మ ప్రమీలమ్మ గొంతు అట్లాగే సన్నబడేది, చెప్పవలసింది చాలా ఉండి, చెప్పినా ఉపయోగం లేదని తెలిసినప్పుడు. ప్రమీలమ్మ పోయి ఆరేళ్ళు. ఆ రోజు మొగ గట్టు మీద ఉన్నది ఆమే. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి ఆ రోజు సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఇంకా ఆ పీత, దాన్ని కూడా ఎవరో వండుకున్నారు.

హేచరీలు, అంటే రొయ్య పిల్లలు పుట్టించే కంపెనీలు, కొత్తగా వచ్చిన ఏడు. తల్లిరొయ్య ప్రాణంతో దొరికితే చాలు, దాన్ని బంగారంలా పట్టుకుపోయేవాళ్ళు. ఆ పొద్దున పెద్దవలలో ముప్పైకి పైగా పడ్డాయి, పాలెం మొత్తానికి పాళ్ళున్న వల, ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి దండాలు పెట్టారు. మాల్యాద్రి వాటిని మూత గంపలో వేసి, మొగలో గుంజకు కట్టి, అంచు దాకా ముంచాడు, లారీ సాయంత్రం వస్తుంది. ఏరే చోటు వాడికిచ్చి అప్పటికి అయిదేళ్ళు. ఆ చోటు నాకిస్తారనుకున్నాను నేను. చేయి మంచిది, కన్ను మంచిది, కానీ మాటే అడ్డమొచ్చింది, పాలెంలో తీర్పులు చెప్పే పెద్దకాపులు నవ్వుతూనే అన్నారు, హజరత్తయ్యను కూర్చోబెడితే రొయ్య వంజరమైపోద్ది అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటి నుంచి ఆ పరదా పట్ట నీడ ఎంత పొడుగు పడుతుందో నాకు ఏ పూటకాపూట తెలుసు. సరే, పొద్దు కాస్త వాలాక వాడు అన్నానికి పోతూ ప్రమీలమ్మతో అన్నాడు, "వదినా, మొగలో సరుకు గంప ఉండాది, కాస్త చూస్తా ఉండు." సరుకు గంప. తప్పేముంది, రొయ్య సరుకే. చూస్తూ ఉండమన్నాడు, చూస్తూ ఉంది. అప్పుడు నేను మడ చెట్ల కిందనుంచి వచ్చాను, చేతిలో ఆకుపచ్చ పీత, ముందు డెక్కలు రెండూ నా పిడికిలంత, కట్టడానికి నార అయిపోయింది. దీన్ని యాడ పెట్టేది అన్నాను. ఆమె దుప్పటి ఉతుకుతూ తల తిప్పకుండా అన్నది, "సరుకు గంప ఉండాది గదా మొగలో, దాంట్లో వెయ్యి." వాడు అబద్ధం చెప్పలేదు, ఆమె అబద్ధం చెప్పలేదు. రెండు నోళ్ళు మారేసరికి రొయ్య పేరు జారిపోయి సరుకు పేరు మిగిలింది. నేను నీళ్ళలోకి దిగాను. మూత జానెడు ఎత్తాను. పీతను వదిలాను. రోజా మూడు నెలలుగా నిద్ర మానుకొని చెబుతున్నది ఇదే కదా. తీసేవాడికి రొయ్యల గంప సరుకు గంపే. పెట్టేవాడికి కాదు. నేను పెట్టేవాణ్ణి. ఆ పుస్తకాల్లో ఉన్నవాణ్ణి నేను. వాళ్ళు లేడంటున్న మనిషి కిటికీ కింద కూర్చొని ఉన్నాడు.

అంతవరకే అయితే నేను ఎప్పుడో చెప్పేసేవాణ్ణి. దాని తరువాత ఇంకొక సంగతి ఉంది. దాని గురించి నేను నాతో కూడా ఎప్పుడూ పూర్తిగా మాట్లాడలేదు. సాయంత్రం లారీ వచ్చి మూత తెరిచినప్పుడు లోపల ఏముందో అందరూ చూశారు, నేను చూడలేదు, వెనక నిలబడ్డాను. మాల్యాద్రి మీద దురాయి పడింది. దురాయి అంటే మా పాలెంలో పెద్దకాపుల కట్టడి, అది పడిన మనిషికి గడువు తీరేదాకా ఎవరూ సరుకు చేతికివ్వరు, అతని చేతి నుంచి తీసుకోరు. పెట్టడమూ లేదు, తీయడమూ లేదు. మూడు నెలలు. వాడి పెళ్ళాం గురవమ్మ ఎండుచేపలు నెత్తిన పెట్టుకొని తెలియని ఊళ్ళు తిరిగింది. మూడు నెలలు ఆ పరదా పట్ట కింద నేను కూర్చున్నాను. చల్లగా ఉండేది. ఎంత చల్లగా ఉండేదంటే, దీన్ని నేను ఎవరికీ పెంచి చెప్పలేదు, తగ్గించి కూడా చెప్పలేదు, అసలు చెప్పనే లేదు. ఎట్లా జరిగిందని అందరూ అడుగుతుంటే, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలి కదా, పీతే మూత ఎత్తుకొని లోపలికి పోయిందేమోనన్నాను. నవ్వారు. నవ్వాక కోపం తగ్గింది, దురాయి ఆరు నెలల నుంచి మూడు నెలలకు దిగింది. చూడు, నా కథే వాడికి మేలు చేసింది అని అనుకున్నాను. అనుకొని అనుకొని నమ్మాను. వాడు మటుకు నవ్వకుండా నమ్మాడు. దురాయి తీరిన రోజు ఒడ్డుకు వచ్చి మొదట చేసిన పని ఒక రాయి ఏరుకోవడం. తరువాత ఆ గుడ్డలు. గుడ్డలు మంచి పని, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఈ అరుగు మీద, ఎవరూ వినకుండా. కానీ రాయి? లేని పీత కోసం ముప్పై ఏళ్ళు రాయి మోశాడు వాడు. ఎవడైనా చెయ్యి ఉన్నవాడు రాయి ఎత్తి, పీతను వేసి, రాయి మళ్ళీ పెట్టగలడు. ఆ రాయి ఆపగలిగింది నా కథలో పీతను ఒక్కదాన్నే.

వేలం పాటలో మూడోసారి అనే ముందు ఘడియలాంటిది లోపల నడుస్తోంది. "సరే సార్," అనబోతోంది రోజా, ఆ 'స' నాకు వినబడింది. చెబితే ఏం పోతుంది. కథ పోతుంది. ఈ పాలెంలో నాకున్నది అదొక్కటే, గంపలు చిరుగుతాయి, పీత చిరగలేదు. చెప్పకపోతే ఏం పోతుంది. మా పిల్ల మూడు నెలలు పోతాయి, ఇంకా ఎక్కడో, నేను చూడని ఊళ్ళల్లో, ఎవరి గంపలోనో పీత పడుతుంది. చెబితే మాల్యాద్రికి మళ్ళీ పేరొస్తుంది, ముప్పై ఏళ్ళు చెయ్యని తప్పు మోసినవాడిగా, అది కూడా వాడికేనా, దేవుడా, ఆ ఇస్త్రీ చొక్కాకు అది కూడా తగిలించాలా. ఇంత ఆలోచిస్తూ ఉండగానే చూస్తే నేను లేచి నిలబడి ఉన్నాను. తలుపుకు గొళ్ళెం ఉంది. కిటికీకి మాత్రం నేను పెట్టిన చెక్క రెక్క, ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో నాకు తెలుసు.

నొక్కాను. మాల్యాద్రి భుజానికీ రోజా తలకూ మధ్య, ఆ చిన్న తెర మీద, నా తల కనిపించింది, నెత్తి మీద ఈత ఆకు ముక్కతో. "తాతా," అన్నది రోజా, తిట్టబోయి.

"ఆ పీతను నేను వేసినానయ్యా," అన్నాను. "ఈ చేత్తో."

తెర మీద ఆయన ముందుకు వంగాడు. "ఎవరండీ మీరు?"

"గంపలల్లేవాణ్ణి. సరుకు గంప అన్నారు, సరుకు వేసినా. రొయ్యలని నాకెవురూ చెప్పలా. అది గంప మీద రాసుంటే వేసుండను. రాయి ఉంటే? రాయి ఎత్తి వేసుంటాను. మా పిల్ల చెప్పేది నా గురించే. నాబోటివాళ్ళు శానామంది ఉంటారు సార్, అందరూ కిటికీలోంచి వచ్చి చెప్పరు."

ఎవరూ నవ్వలేదు. జీవితంలో మొదటిసారి నేను మాట్లాడాక ఎవరూ నవ్వలేదు. అది ఇట్లా ఉంటుందా, రోజూ వాడికి ఇట్లాగే ఉంటుందా. ఆయన కాసేపు ఏదో రాసుకున్నాడు. తరువాత, తొందర లేని ఆ గొంతుతోనే, "రోజా, ఈ పెద్దాయన చెప్పింది డాక్యుమెంటులో మొదటి పేజీలో పెట్టు. నీ డిజైన్ ఉంచుదాం. రాయి తీసేద్దాం," అన్నాడు. రోజా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను దాని మొహమే చూడాలనుకున్నాను, అంత చేసింది అందుకే కదా, కానీ నా కన్ను మాల్యాద్రి మీదకే పోయింది. వాడు కెమెరా వైపు చూడటం లేదు, నా వైపు చూడటం లేదు. నడిమి గంప మీది రాయి వైపు చూస్తున్నాడు. మెల్లగా అడిగాడు, తెరలో వాళ్ళకు వినపడనంత మెల్లగా.

"మరి మూత ఎవురు వేసినారు, హజరత్తా?"

అదీ. ముప్పై ఏళ్ళూ వాడి బుర్రలో ఉన్నది ఆ ఒక్కటే, ఎత్తిందే అనుకో, మళ్ళీ ఎందుకు వేసుకుంటుంది పీత. అందరూ నవ్విన చోట వాడు ఆగిపోయి అక్కడే ఉన్నాడు. నాకు ఆ రోజు నీళ్ళు మోకాళ్ళ దాకా గుర్తొచ్చాయి. పీతను వదిలేశాను. వదిలిన తరువాత, మూత ఇంకా జానెడు తెరిచి ఉండగా, లోపలి నుంచి ఏదో వచ్చి నా వేలికి తగిలింది. సన్నగా, పొడుగ్గా. రొయ్య మీసం. పీతకు మీసం ఉండదు. అప్పుడు తెలిసింది నాకు. కేక వేస్తే ప్రమీలమ్మ వచ్చేది, గంప బోర్లించేవాళ్ళం, ఒకటో రెండో పోయేవి. గట్టు మీది పరదా పట్ట నీడ నీళ్ళ మీద పడి ఉంది ఆ వేళకు, అంచు నా చేతి దాకా వచ్చింది. నేను దాన్ని చూశాను.

"నేనే," అన్నాను. "తెలిసినాకే వేసినా."

వాడు లేచాడు. కంప్యూటరులో వాళ్ళకు చేతులు జోడించి నమస్కారం పెట్టాడు, అది కూడా ఎంత బాగా పెట్టాడో. నడిమి గంప మీది రాయిని రెండు చేతులతో తీసుకున్నాడు. దాన్ని చంకన పెట్టుకొని గొళ్ళెం తీసి బయటికి వచ్చి, అరుగు మీద మళ్ళీ కూర్చున్న నా ముందు నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిడితే నేనూ ఒకటి అనేవాణ్ణి, వయసులో వాడు నాకన్నా నెల చిన్న. వాడు వంగి రాయిని నా ఒడిలో పెట్టాడు, పిల్లను పెట్టినట్టు, జారకుండా రెండు వైపులా సర్ది. "ఇంక నువ్వు పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను. వాడు మొగ వైపు నడిచాడు, చంకలో ఏమీ లేక ఒక చెయ్యి కాస్త దూరంగా పెట్టుకొని, అలవాటు చొప్పున.

లోపలి నుంచి రోజా పిలిచింది, "తాతా." గొంతులో ఏడుపో సంతోషమో తెలియలేదు. పొద్దున ఆ మాటకు ఇద్దరం తిరిగాం. ఇప్పుడు వాడు ఆగలేదు, తిరగలేదు, ఇసుకలో అడుగు తడబడలేదు. ఆ మాట మొత్తం నాకే వచ్చి పడింది. కావాలనుకున్నది అదే కదా. ఒడిలో రాయి ఉంది, లేవలేను, ఇంకా పలకలేదు. అలల నురుగు వాసన రాతికి పట్టి ఉంది, ఒక వైపు వాడి అరచేయి తగిలి తగిలి నున్నగా అరిగింది. ఎవరైనా అడిగితే ఏనుగు గున్నంత ఉందని చెప్పే మనిషిని నేను. అది రెండు కిలోలు ఉంటుంది. అంతకన్నా ఉండదు.